రిట్ వేసే ముందు చూసుకోవలసిన కాగితాలు

సంపాదకులకు,

రిజిస్ట్రేషన్ చేయకూడదని పెట్టిన నిషేధిత జాబితాలో పడిన భూముల మీద వచ్చే వార్తల చివర 'బాధితులు హైకోర్టుకు వెళ్లవచ్చు' అని తరచూ రాస్తుంటారు. వెళ్లవచ్చు, కాదనం. కానీ అక్కడ వేసే రిట్ పిటిషన్‌లో, అంటే రాజ్యాంగం 226వ అధికరణం కింద, వచ్చే ఊరట అడిగినవారికల్లా దక్కే హక్కు కాదు, కోర్టు విచక్షణ. న్యాయం తమ వైపే ఉన్నా కాగితం సరిగా లేక అడ్మిషన్ దశలోనే, అంటే విచారణకు తీసుకోవాలా అని చూసేటప్పుడే, పోయే రిట్లు ఉన్నాయి.

మొదటి చిక్కు నోటిమాటతో. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 'సిస్టం తీసుకోవట్లేదండీ' అంటే ఆ మాట పట్టుకునే జనం వకీలు దగ్గరికి వచ్చేస్తారు. మాండమస్ (అధికారి తన విధి చేయాలని కోర్టు ఇచ్చే ఆదేశం) కావాలంటే ముందు అధికారిని అడిగి ఉండాలి, ఆయన కాదనాలి లేదా ఉలుకూ పలుకూ లేకుండా ఉండాలి. దస్తావేజు దాఖలు చేసి, కాదంటే కారణం రాసిమ్మనాలి. రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షన్ ప్రకారం ఆ నకలు ఉచితం. అసలు పుచ్చుకోకపోతే వినతిపత్రానికి దస్తావేజు నకలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదూ చేరినట్టు ట్రాకింగ్ కాగితమూ దాచాలి. ఇవి రిట్‌కు జతచేసే మెటీరియల్ పేపర్లలో లేకపోతే గవర్నమెంట్ ప్లీడర్ 'దస్తావేజే తేలేదు' అంటారు. జవాబు ఉండదు.

రాతపూర్వకంగా నిరాకరిస్తే 72వ సెక్షన్ కింద 30 రోజుల్లో రిజిస్ట్రారుకు అప్పీలు ఉంది. అది వదిలి రిట్‌కు ఎందుకొచ్చారో అఫిడవిట్‌లోనే చెప్పాలి. వర్ల్‌పూల్ కేసులో వేరే దారి ఉన్నా రిట్ వినవచ్చంటూ 1998లో సుప్రీంకోర్టు చెప్పిన మినహాయింపులు ఇవి: ప్రాథమిక హక్కు భంగం, సహజ న్యాయసూత్రాల ఉల్లంఘన, అధికార పరిధి లేకపోవడం, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించడం. అన్నదమ్ముల హక్కు తగాదా అయితే సివిల్ కోర్టుకే పొమ్మంటారు.

ఎక్కువమంది దెబ్బతినేది ప్రేయర్ (కోర్టును ఏం కోరుతున్నామో రాసే భాగం) దగ్గర. 'మా వినతిపత్రాన్ని పరిశీలించమని ఆదేశించండి' అని అడిగితే కోర్టు తేలిగ్గానే ఇస్తుంది. అధికారి పరిశీలించి, ఒక్క వాక్యంతో తిరస్కరిస్తాడు. ఆదేశం అమలైనట్టే, ధిక్కార పిటిషన్ నిలవదు. మళ్లీ కొత్త రిట్. ఏపీఎస్‌ఆర్‌టీసీ - జి. శ్రీనివాసరెడ్డి కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ 'పరిశీలించండి' ఆదేశాల గందరగోళాన్నే విడమరిచింది. అందుకే ఫలానా చర్య చట్టవిరుద్ధమని ప్రకటించి, దస్తావేజు స్వీకరించి రిజిస్టర్ చేయమని సూటిగా అడగాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, దస్తావేజు వివరం ప్రేయర్‌లోనే ఉండాలి.

రిట్‌కు కాలపరిమితి చట్టం వర్తించదు కదా అని ఏళ్లు గడిపినా కష్టమే. పాత విషయం మీద కొత్త వినతిపత్రం పెడితే గడువు మళ్లీ మొదలవదని 2008లో సి. జేకబ్ కేసు తేల్చింది.

దాచడం అన్నిటికన్నా చేటు. కింది కోర్టులో దావా నడుస్తున్నా అఫిడవిట్‌లో 'ఇతరత్రా ఏ కేసూ వేయలేదు' అన్న పేరాను పాత ఫైలు నుంచి అలాగే దించేస్తారు. ఎదుటివారు ఆ దావా నంబరు చూపిస్తే వచ్చిన స్టే పోతుంది, ఖర్చులూ మీద పడతాయి. సంతకం చేసేవారు ఆ ఒక్క పేరా అయినా చదవండి.

ఉత్తర్వు వచ్చాక సర్టిఫైడ్ కాపీని ప్రతి ప్రతివాదికీ అందజేసి రసీదు తీసుకోండి. అమలు చేయకపోతే కోర్టు ధిక్కార చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన జరిగిన నాటి నుంచి ఏడాదిలోపే కదలాలి.

— ఒక న్యాయవాది, హైదరాబాద్