చింక్వే తెర్రెకి ఒక పూట చాలదు

సంపాదకులకు నమస్కారం. యూరప్ ప్రయాణాల మీద ఆదివారం అనుబంధంలో మీరు వేసిన వ్యాసం చదివాను. ఇటలీలోని లిగూరియా తీరాన్ని, అందులోనూ చింక్వే తెర్రె అనే ఐదు ఊళ్ళని, పీసా టవరు చూసుకుని దారిలో ఒక చుట్టు చుట్టి వచ్చే చోటుగా రెండు లైన్లలో తేల్చేశారు. దయచేసి అలా రాయకండి. మేం వెళ్ళిన ప్యాకేజీలోనూ ఇదే వరస: స్టేషను దగ్గర దింపి, ఫొటోలు దిగి రెండు గంటల్లో వచ్చేయమన్నారు. ఆ తర్వాత మా అమ్మాయి మిలాన్‌లో ఉన్నప్పుడు మళ్ళీ వెళ్ళి రాత్రిళ్ళు అక్కడే ఉన్నాం, మేం ముందు చూసింది ఈ ఊళ్ళనేనా అనిపించింది.

మోంటెరోస్సో, వెర్నాజ్జా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే అనే ఐదు ఊళ్ళూ లా స్పెజియా నుంచి వెళ్ళే రైలు దారిలోనే ఉన్నాయి, సొరంగానికీ సొరంగానికీ మధ్య సముద్రం ఇలా కనబడి అలా మాయమవుతుంది. పగలంతా రైళ్ళలో, క్రూయిజ్ షిప్పుల నుంచి జనం దిగుతూనే ఉంటారు, సందుల్లో అడుగు తీసి అడుగు వెయ్యలేం. చీకటి పడే వేళకి వాళ్ళంతా వెళ్ళిపోతారు. అప్పుడు వెర్నాజ్జా రేవు దగ్గర కూర్చోవాలి. ఒడ్డుకి లాగి పెట్టిన చేపల పడవల పక్కనే పిల్లలు బంతి ఆడుతుంటే, పై అంతస్తు కిటికీలోంచి ఒకావిడ భోజనానికి రమ్మని కేకలేస్తోంది.

వ్యాసంలో అసలు లేనిది అక్కడి కొండల మీది రాతి గోడల సంగతి. నిట్టనిలువు కొండల్ని మెట్లుమెట్లుగా చెక్కి, సున్నం గానీ మట్టి గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి, ఆ మళ్ళలో తరతరాలుగా ద్రాక్ష పండించారు. యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది ఒక్క రంగురంగుల ఇళ్ళని చూసి కాదు, మనుషులు చేత్తో మలిచిన ఈ కొండల్ని కూడా చూసి. వ్యవసాయం వదిలేసి కుర్రాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళిపోయాక చాలా గోడల్ని పట్టించుకునే దిక్కు లేకుండా పోయింది, గోడ కూలితే వెనకున్న మట్టి జారుతుంది. 2011 అక్టోబరు 25న కుండపోత వాన పడి మోంటెరోస్సో, వెర్నాజ్జాల వీధుల్ని బురద ముంచెత్తింది, మనుషులు చనిపోయారు. రియోమజ్జోరే, మనరోలాల మధ్య సముద్రం అంచున ఉన్న ప్రేమబాట అనే కాలిదారిలో 2012లో రాళ్ళు పడి టూరిస్టులు గాయపడితే, దాన్ని పూర్తిగా మళ్ళీ తెరిచేసరికి 2024 వచ్చింది. కాబట్టి ఫొటో కోసం ఆ గోడలెక్కి నిలబడొద్దని మన పాఠకులకి గట్టిగా చెప్పండి. హవాయి చెప్పులతో కొండదారి పట్టినా జరిమానా వేస్తారు.

తిండి గురించి మనవాళ్ళకి ఉండే టెన్షన్ ఇక్కడ అక్కర్లేదు. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి వెడల్పాటి పళ్ళెంలో పోసి బట్టీలో కాల్చే ఫరినాటా దొరుకుతుంది, అంచులు కరకరలాడుతూ లోపల మెత్తగా మన శనగపిండి అట్టులాగే ఉంటుంది. మిరియాలు చల్లుకుని వేడివేడిగా తినాలి.

జులై, ఆగస్టుల్లో మాత్రం వెళ్ళకండి, ఎండా జనమూ రెండూ భరించలేం. మే నెల బాగుంటుంది. కోర్నీలియాలో గది తీసుకుంటే ఊరు కొండ మీద ఉంటుందని గుర్తుంచుకోండి, స్టేషను నుంచి దాదాపు 380 మెట్లు. పెద్దవాళ్ళుంటే పైకి బస్సు ఉంది.

ఇంకో రోజు చేతిలో ఉంటే జెనోవా వైపున్న కామోలీకి వెళ్ళండి. ఎత్తయిన ఇళ్ళ గోడల మీద లేని కిటికీల్ని ఉన్నట్టే రంగులతో వేశారు, దగ్గరికెళ్ళి చూస్తే గానీ తేడా తెలియదు. అక్కణ్ణుంచి పడవలో శాన్ ఫ్రుత్తువోజో మఠానికి వెళ్ళొచ్చు, దానికి రోడ్డే లేదు. ఆ మఠం ముందున్న సముద్రంలో 1954లో నిలబెట్టిన క్రీస్తు విగ్రహం సుమారు 17 మీటర్ల లోతున ఉంది. తిరుగు పడవ టైము మాత్రం ముందే కనుక్కోండి, చివరిది తప్పిపోతే కొండ దాటి నడిచి రావాల్సిందే.

- ఒక పాఠకురాలు, విజయవాడ