మెట్ల మీద గిటార్ వాయించే మన పిల్లల గురించి, ఎడ్డీ వాన్ హేలెన్ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం అండి,

పరీక్షల తేదీలు, ఉగాది ప్రోగ్రామ్ రిహార్సల్ టైమింగ్స్ అన్నీ వెనక పేజీలో వేశాం, తీరిగ్గా చూసుకోండి. ఈ పేజీ మాత్రం గిటార్ కోసం తీసుకున్నాను. ఈమధ్య మన ఆదివారం తెలుగు బడికి పెద్ద క్లాసుల పిల్లలు భుజాన గిటార్ బ్యాగ్ వేసుకుని వస్తున్నారు, బ్రేక్‌లో మెట్ల మీద కూర్చుని వాయిస్తున్నారు, మీలో కొందరేమో నా దగ్గరికొచ్చి "మేడం, పియానో మానేసి ఇది పట్టుకున్నాడు, ఇంట్లో ఒకటే రొద, మీరన్నా కాస్త చెప్పండి" అంటున్నారు. మానెయ్యమని మాత్రం నేను చెప్పలేనండి. ఆ పిల్లలు ఎవర్ని చూసి అలా వేళ్ళు అరగదీసుకుంటున్నారో చెప్తాను, ఆయన పెరిగింది ఎక్కడో కాదు, మన పక్కనున్న, లాస్ ఏంజిల్స్ దగ్గరి పాసడీనాలోనే.

ఎడ్డీ వాన్ హేలెన్, రాక్ గిటారిస్ట్. పేరు తెలీకపోయినా ఆయన గిటార్ మీరు వినే ఉంటారు, మైకేల్ జాక్సన్ 'బీట్ ఇట్' మధ్యలో ఒక్కసారిగా విరుచుకుపడే సోలో, అంటే గిటార్ ముందుకొచ్చి వాయించే భాగం, ఆయనదే, పైసా తీసుకోకుండా వాయించి ఇచ్చాడు.

1955లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. నాన్న డచ్ ఆయన, క్లారినెట్, శాక్సఫోన్ వాయించేవాడు, అమ్మది ఇండోనేషియా. 1962లో ఇద్దరు మగపిల్లల్ని తీసుకుని ఓడెక్కి అమెరికా వచ్చేశారు, చేతిలో డబ్బుల్లేవు గానీ పియానో మాత్రం వెంట తెచ్చుకున్నారు. ఇక్కడికొచ్చాక నాన్న జానిటర్‌గా చేశాడు, అమ్మ ఇళ్ళల్లో పనికి వెళ్ళింది. పిల్లలకి ఇంగ్లీష్ ముక్క రాదు. స్కూల్లో తెల్ల పిల్లలు హోంవర్క్ చింపేసి, గ్రౌండ్‌లో ఇసక తినిపించేవాళ్ళని, తన వైపు నిలబడింది నల్ల పిల్లలేనని ఎడ్డీ పెద్దయ్యాక ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. టీచర్‌ని కాబట్టేమో, ఆయన గురించి ఎన్ని చదివినా నాకు ఈ మాటే ముందు గుర్తొస్తుంది. మొన్నీమధ్యే ఇండియా నుంచి వచ్చి ఇక్కడి స్కూల్లో నోరు విప్పకుండా కూర్చునే పిల్లలు మన దగ్గరా ఉన్నారు కదా, వాళ్ళ అమ్మానాన్నలకి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను.

అన్నదమ్ములిద్దర్నీ పియానోకి పంపించారు. ఎడ్డీకి నోట్స్ చూసి వాయించడం సరిగ్గా వచ్చేది కాదు, టీచర్ వేళ్ళు ఎటు పోతున్నాయో చూసి, విని, గుర్తుపెట్టుకుని వాయించేసేవాడు, అలాగే లాంగ్ బీచ్‌లో పోటీలకెళ్ళి ప్రైజులు కూడా తెచ్చాడు. తర్వాత డ్రమ్స్ కొనుక్కున్నాడు, ఆ బాకీ తీర్చడానికి పేపర్లు వెయ్యడానికి పోతే ఈలోపు అన్న ఆలెక్స్ ఆ డ్రమ్స్ మీద కూర్చుని తమ్ముడి కంటే బాగా వాయించడం మొదలుపెట్టాడు, సరే అయితే నువ్వే వాయించు అని ఈయన గిటార్ తీసుకున్నాడు. ఇంట్లో ఇన్‌స్ట్రుమెంట్లు చేతులు మారితే కంగారు పడకండి అంటున్నది అందుకే.

ఇక ఆయన గిటార్. తనకి కావాల్సిన సౌండ్ షాపులో దొరికే ఏ గిటార్‌లోనూ లేదు. ఏదో లోపం ఉందని పక్కన పడేసిన చెక్క బాడీ 50 డాలర్లకి, నెక్ (తీగలు నొక్కే పొడవాటి భాగం) 80 డాలర్లకి కొన్నాడు, ఒక పాత గిబ్సన్ గిటార్ నుంచి పికప్ (తీగల కదలికని కరెంట్ సిగ్నల్‌గా మార్చే ముక్క) పీకి, అది కీచుమనకుండా కరిగించిన మైనంలో ముంచి, తనే చెక్క తొలిచి బిగించాడు. మిగతా నాబ్‌లన్నీ తీసేసి వాల్యూమ్ ఒక్కటే ఉంచాడు. టేపులు అడ్డదిడ్డంగా అంటించి పెయింట్ కొట్టాడు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ కింద ఒక క్వార్టర్ బిళ్ళ స్క్రూతో బిగించాడు, 1971 నాటి పాతిక సెంట్లు! పిల్లలకి ఆ గిటార్ ఫొటో దగ్గరగా చూపించండి, ఆ బిళ్ళ కనబడగానే వాళ్ళ మొహాలు చూడాలి. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కూడా ఇంతే, జంట తీగలుండే మాండలిన్‌ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని కర్ణాటక సంగీతం వాయించారు, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో చిన్న పిల్లాడిగా తొలి కచేరీ చేసింది 1978లో.

ఆ అన్నదమ్ముల వాన్ హేలెన్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ వచ్చింది కూడా 1978లోనే. అందులో 'ఇరప్షన్' అని దాదాపు అంతా గిటారే ఉండే ట్రాక్ ఉంది, 1 నిమిషం 42 సెకన్లు. అసలది ఆల్బమ్ కోసం అనుకున్నదే కాదు, స్టూడియోలో చేతులు వేడెక్కించుకోవడానికి వాయిస్తుంటే వినబడి రికార్డ్ చేసేశారు. మామూలుగా ఎడమ చేత్తో తీగ నొక్కి కుడి చేత్తో మీటుతాం కదా, ఈయన కుడి చేతి చూపుడువేలు కూడా నెక్ మీదకి తెచ్చి తీగని కొట్టి లాగి వదుల్తాడు, ఆ వేలు లేవగానే ఎడమ చేతి వేళ్ళ కింద ఉన్న స్వరాలు పలుకుతాయి, అలా గబగబా తిప్పుతుంటే పియానో మీద వేళ్ళు పరిగెత్తినట్టు ఉంటుంది. దాన్ని ట్యాపింగ్ అంటారు. ఆయన కంటే ముందు కొందరు చేశారు, కానీ ప్రపంచంలో గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ తన గదిలో తలుపేసుకుని అది ప్రయత్నించేలా చేసింది మాత్రం ఈయనే. మన మెట్ల మీద కూర్చునే తొమ్మిదో తరగతి బాబు చేసేది అదే, చూపుడువేలు చివర ఎర్రగా కందిపోయి ఉంటుంది, కొట్టిన వేలు సరిగ్గా లేవకపోతే స్వరం చచ్చిపోతుంది, మళ్ళీ మొదటికి. మీకు రొదలా వినబడేది ఆ మళ్ళీ మొదటికి రావడమే.

నా మటుకు నాకు ఆయన స్పీడ్ కంటే పాట వెనక నడిపే రిథమ్ ఎక్కువ ఇష్టం. పిల్లలు సోలోలకే పడిపోతున్నారు, రిథమ్ కూడా వినమనండి. ఆయన చిన్న వయసులోనే సిగరెట్, మందు అలవాటు చేసుకున్నాడు, చాలా ఏళ్ళు దాంతో నలిగి ఆఖరికి మందు మానేశాడు, 2020 అక్టోబర్‌లో 65 ఏళ్ళకి క్యాన్సర్‌తో పోయాడు. అది కూడా పిల్లలకి దాచకుండా చెప్పండి, పెద్ద క్లాసులవాళ్ళు అర్థం చేసుకుంటారు.

2012లో ఆయన తన సొంత గిటార్లు 75, డబ్బుల్లేని స్కూళ్ళ పిల్లలకి ఇచ్చేశాడు. అది చదివాకే ఈ ఆలోచన వచ్చింది: వచ్చే నెల నుంచి క్లాసులయ్యాక మూడో నంబర్ గదిలో ఒక గంట గిటార్ కోసం తెరిచి ఉంచుతాం. నేర్పేవాళ్ళు ఉండరు, పెద్ద పిల్లలే చిన్నవాళ్ళకి చూపిస్తారు, నేను ఆ గదిలోనే కూర్చుంటాను. మీ గరాజ్‌లో వాడని గిటార్, చిన్న ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె), తీగలు తెగినవైనా సరే, ఉంటే ఆఫీస్ టేబుల్ దగ్గర పెట్టి వెళ్ళండి, కొత్త తీగలు బడి కొంటుంది. ఆంప్ వాల్యూమ్ మూడు దాటకూడదు, పక్క గదిలో బాలవాడి పిల్లలు ఉంటారు.

ఇట్లు,
మీ ప్రిన్సిపాల్