మా టమాటాలకు వాసన ఎందుకు పోయిందంటే

మా కొట్టుకు ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ నమస్కారం.

మూడు వారాలుగా మా టమాటాలతో చారు పెడితే వాసనే రావడం లేదని మీలో చాలామంది చెప్పారు. ఒక పెద్దావిడ రెండు పళ్లు వెనక్కి తెచ్చి, "కోసి వాసన చూడు నాయనా" అన్నారు. నేను కోయలేదు. వానలకు అలాగే ఉంటాయని, ఎర్రగా ఉన్నాయి కాబట్టి బలానికి లోటుండదని చెప్పి పంపేశాను. అది నా తప్పు. ఆవిడ ఇంటికి వెళ్లి ఒప్పుకున్నాను. ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

మదనపల్లె వైపు నుంచి నాకు సరుకు పంపే వ్యాపారి, ధర పెరుగుతుందన్న ఆశతో పచ్చికాయలు కోయించి, వారానికి పైగా చల్లటి గిడ్డంగిలో దాచి, ఆ తరువాత మగ్గబెట్టి పంపాడు. నాకు మాత్రం చెట్టు మీద రంగు తిరిగిన సరుకని చెప్పాడు. నిలదీస్తే, "ఎర్రగానే ఉన్నాయి కదా, తినేవాళ్లకు ఏం తెలుస్తుంది?" అన్నాడు. మీకు తెలిసింది. తెలియనిది నాకే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

టమాటా వాసన చాలావరకు అందులోని పోషకాల నుంచే పుడుతుంది. ఎరుపునిచ్చే లైకోపీన్‌కు, మన ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్‌కు సొంత వాసన లేదు. అవి విరిగినప్పుడు పండ్ల వాసన, పూల వాసన వస్తాయి. కోయగానే ముక్కుకు తగిలే పచ్చి వాసన, మన శరీరం తయారుచేసుకోలేని లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం నుంచి వస్తుంది. కొన్ని వాసనలకు మూలం ప్రోటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు. మొక్క తన పండులో ఏముందో ముక్కుకు ఇలా చెబుతుందేమోనని హ్యారీ క్లీ, స్టీఫెన్ గాఫ్ అనే శాస్త్రవేత్తలు 2006లో 'సైన్స్' పత్రికలో రాశారు.

చల్లదనం ఆ మాటను నొక్కేస్తుంది. 5 డిగ్రీల చలిలో ఏడు రోజులు ఉంచిన టమాటాల్లో తీపి, పులుపు పెద్దగా మారకపోయినా వాసన పడిపోయిందని 2016లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. బయట పెట్టాక కూడా అది పూర్తిగా తిరిగి రాలేదు. అందుకని ఆ పళ్లలో సత్తువంతా పోయిందని నేను అనను. అయితే పచ్చిగా కోసిన కాయకు ఆ తరువాత మొక్క నుంచి చక్కెర అందదు. ఎంత మగ్గబెట్టినా ఆ లోటు తీరదు.

ఆ వ్యాపారిని వదులుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. పద్నాలుగేళ్ల పరిచయం మాది. 2020 లాక్‌డౌన్‌లో నా దగ్గర డబ్బు లేనప్పుడు అప్పు మీద సరుకు పంపింది ఆయనే. నా భార్య ఒక్కసారికి క్షమించమంది. ఆమె మాట కాదనడం నాకు కష్టమే. కానీ మా నాన్నగారు కాటా పక్కన కత్తి పెట్టుకుని, అడిగినవారికల్లా పండు కోసి చూపించేవారు. ఆ కొట్టులో కూర్చుని నేను కోయడానికి నిరాకరించానంటే, ఆ వ్యాపారి సరుకుతో పాటు అతని అబద్ధాన్ని కూడా నేనే అమ్మినట్టు. బాకీ అంతా తీర్చేసి, ఇక పంపవద్దని చెప్పాను. ఎవరు నచ్చజెప్పినా ఇందులో మార్పు లేదు.

సోమవారం నుంచి దగ్గరి ఊళ్లలోని ఇద్దరు రైతుల దగ్గర, చెట్టు మీదే రంగు తిరిగిన పళ్లు తీసుకుంటాను. అవి హైబ్రిడ్ రకాలే, నాటు అని బోర్డు పెట్టను. కిలోకు ఎనిమిది రూపాయలు ఎక్కువవుతుంది. కొన్ని రోజులు టమాటా అసలు ఉండకపోవచ్చు. మెత్తగా ఉంటాయి కనుక రెండు మూడు రోజులకు సరిపడానే తీసుకోండి, ఫ్రిజ్‌లో పెట్టకండి.

కత్తి మళ్లీ కాటా పక్కకు చేరింది. ఈ మూడు వారాల్లో టమాటాలు కొన్నవారు చీటీ లేకపోయినా రండి, కిలోకు కిలో ఇస్తాను.