లైబ్రరీలో నీట్ పుస్తకాలేవి?

అయ్యా,

మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక కోచింగ్‌కు పోకుండా సొంతంగా నీట్‌కు చదువుకుంటోంది. హైదరాబాద్ హాస్టల్ ఫీజులు టైలరింగ్ చేసుకునే నా వల్ల ఎక్కడవుతాయి? మా మండల కేంద్రం లైబ్రరీకి పోతే, పోటీ పరీక్షల బీరువా నిండా గ్రూప్స్, కానిస్టేబుల్ గైడ్లే. ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ ఒక్కటీ లేదు. 720 మార్కుల్లో 360 బయాలజీవే కదా!

చదువు సంగతి పిల్ల చూసుకుంటుంది. (ఫిజిక్స్ అంటే మాత్రం కాస్త టెన్షన్.) తప్పు జవాబుకు ఒక మార్కు కోత, అనుమానమున్నది వదిలెయ్యాలని తనకు తానే నేర్చుకుంది. కానీ 180 నిమిషాలు కదలకుండా కూర్చుని ఓఎంఆర్ షీటు దిద్దడం ఇంట్లో ఎలా అలవాటవుతుంది? ఒకపక్క నా మిషన్ చప్పుడు, ఇంకోపక్క నల్లా వచ్చిందంటూ కేకలు. మధ్యలో జాకెట్ల కొలతలకు వచ్చేవాళ్లు ‘ఏం చదువుతున్నవ్ బిడ్డా’ అని పలకరింపులు.

నల్గొండ, సూర్యాపేటల్లో 2019లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సంతోషం. వాటిలో సీటు కోసం ఇంటిదగ్గర చదివే పిల్లలకు రెండు సెట్ల పుస్తకాలు, ఆదివారం ఒక మాక్ టెస్టు, రాత్రి తొమ్మిది దాకా లైబ్రరీలో లైటు కావాలి. ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు మేమూ కడుతున్నాం.

— ఒక తల్లి, నల్గొండ జిల్లా