మా బుల్లెట్‌కు మూడో చక్రం

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన బావా,

మొన్న ఫోనులో నువ్వు “చివరికి ఆటో తోలే స్థితికి వచ్చావన్నమాట” అని పగలబడి నవ్వినప్పుడు నాకు తగిన బదులు తోచలేదు. ఫోను పెట్టేసిన తరువాత తోచింది గాని, అప్పటికి ఆలస్యమైంది. అయితే నీ నవ్వు వెనుక ఒక ప్రశ్న దాక్కుని ఉందని చెల్లెమ్మ మాటల వల్ల తెలిసింది. నీ మోకాలు కూడా నా మోకాలి దారినే పట్టిందట, నువ్వు మాత్రం ఆ సంగతి ఎవరి దగ్గరా ఒప్పుకోవడం లేదట. అందువల్ల నా బుల్లెట్ మోటారు సైకిలుకు పక్కన సైడ్‌కార్, అంటే ఒక చక్రమున్న తొట్టి, తగిలించుకుని నాలుగు నెలలుగా మూడు చక్రాల మీద తిరుగుతున్నవాడిగా ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాను. తీరికగా చదువుకో.

ముందుగా ఆటో సంగతి తేల్చుకుందాం. 1885లో జర్మనీలో డైమ్లర్ తయారుచేసిన పెట్రోలు మోటారు సైకిలుకు, అది పడిపోకుండా, రెండు పక్కలా చిన్న చక్రాలు ఉండేవి. 1886 జనవరిలో బెంజ్ పేటెంటు కోరిన కారుకు ఉన్నవి మూడే చక్రాలు. కాబట్టి నేను దిగజారలేదు, మూలాలకు వెళ్ళాను. ఇదే ఆ రోజు నాకు తోచని బదులు.

ఇక అసలు కారణం. వేసవిలో ఒక సాయంత్రం మీ చెల్లెలిని వెనుక కూర్చోబెట్టుకుని పూర్ణా మార్కెట్ నుంచి వస్తూ, ఏటవాలుగా ఉన్న ఒక సిగ్నల్ దగ్గర ఆగి ఎప్పటిలాగే ఎడమకాలు నేల మీద పెట్టాను. మోకాలు ఒక్కసారిగా సడలిపోయింది. సుమారు 180 కిలోల బండి నింపాదిగా, ఎంతో మర్యాదగా, ఎడమకు ఒరగడం మొదలుపెట్టింది. మీ చెల్లెలు ఒక పక్కకు కూర్చునేదీ ఆ వైపే. బండి నేలకు తగలలేదు, ఎందుకంటే పక్కన నిలబడి ఉన్న ఆటో అతను చెయ్యి చాచి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆటోలను ఎగతాళి చేసే ముందు నువ్వు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. డాక్టరు నడవమన్నాడు, వ్యాయామం చేయమన్నాడు, ఆ కాలి మీద హఠాత్తుగా బరువు మాత్రం పడనీయవద్దన్నాడు. రెండు చక్రాల బండి మీద ఊరిలో తిరిగేవాడికి ఆ చివరి మాట తప్ప మిగిలినవన్నీ సాధ్యమే.

బుల్లెట్‌ను అమ్మి స్కూటర్ కొనమని అమ్మాయి అన్నది. స్కూటరైనా ఆగితే కాలు దించవలసిందే కదా. వెనుక చక్రానికి రెండు పక్కలా చిన్న చక్రాలు బిగించిన స్కూటర్లను కూడా చూశాను. అవి ఎంతోమందికి జీవనాధారమైన మంచి బండ్లు, కాని నా బుల్లెట్‌ను వదులుకోవడానికి మనసొప్పలేదు. ముందు రెండు చక్రాలు ఉండి, మలుపులో మామూలు బైకులాగే వంగే బండ్లు విదేశాలలో ఉన్నాయి. 2006లో వచ్చిన పియాజియో ఎంపీ త్రీ, 2018లో వచ్చిన యమహా నికెన్ అటువంటివే. వాటిని మన ఊరి షోరూములలో నేనెక్కడా చూడలేదు, చూసినా కొనగలిగేవాడిని కాను. అప్పుడు గుర్తుకువచ్చింది మన చిన్ననాటి చేతక్ స్కూటర్. దాని పక్కన తొట్టి తగిలించుకుని, భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకుని సినిమాకు వెళ్ళే ఉద్యోగస్థులు మన వీధిలోనే ఎందరుండేవారో నీకు తెలుసు. స్కూటర్‌కు తగిలించగలిగినది బుల్లెట్‌కు ఎందుకు తగిలించకూడదు?

చట్టం గురించి నువ్వు తప్పక అడుగుతావు. మోటారు వాహనాల చట్టం, 1988, రెండవ సెక్షన్ 27వ క్లాజు ప్రకారం, విడదీయగలిగిన సైడ్‌కార్‌ను దాని అదనపు చక్రంతో సహా తగిలించినప్పటికీ బండి ‘మోటారు సైకిల్’ గానే లెక్కలోకి వస్తుంది. అంటే గేర్లున్న మోటారు సైకిల్ లైసెన్సు చాలు. అయితే బండి రూపం మారుతుంది కనుక ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఆర్‌సీలో వ్రాయించుకుని, బీమా వారికి కూడా తెలియజేయాలి. తొట్టిలో కూర్చునేవారికీ హెల్మెట్ తప్పదు. ఈ మాట మీ చెల్లెలికి చెప్పినప్పుడు, ఒళ్ళో కూరల సంచి పెట్టుకున్న మనిషికి శిరస్త్రాణమేమిటని ఆమె వారం రోజులు వాదించింది.

కంచరపాలెంలో ఒక పాత ఇనుము కొట్టు వెనుక తుప్పు పట్టిన తొట్టి ఒకటి దొరికింది. దానిని ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు తీసుకువెళ్ళాను. నేల రేకు కొత్తది వేసి, రంగు కొట్టి, బండి చట్రానికి కింద రెండు, పైన రెండు చోట్ల బిగించి, అక్కడితో పని అయిపోతుందనుకున్నాను. అసలు పని అక్కడే మొదలైంది. తొట్టి చక్రాన్ని బండి చక్రాలకు సరిగ్గా సమాంతరంగా పెట్టకూడదట. ఆయన రెండు పొడవైన అల్యూమినియం పట్టీలను, ఒకటి బండి చక్రాలకూ, మరొకటి తొట్టి చక్రానికీ ఆనించి, వెనుక కొలత కంటే ముందు కొలత ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువ ఉండేలా, అంటే తొట్టి చక్రం బండి వైపు కాస్త చూస్తున్నట్టుగా బిగించాడు. బండిని కూడా నిటారుగా నిలపకుండా, తొట్టికి దూరంగా, వెంట్రుక వాసి కుడికి ఒరగనిచ్చాడు. తొట్టి తన బరువుతోనూ, గాలికి అడ్డుపడడంతోనూ బండిని ఎల్లప్పుడూ ఎడమకు లాగుతుంది. మన రోడ్లు అంచు వైపు వాలుగా ఉండడం వల్ల ఆ లాగుడు మరింత పెరుగుతుంది. ఈ రెండు సర్దుబాట్లూ దానికి విరుగుడు. మొదటిసారి కొలత కాస్త తప్పింది. హనుమంతవాక చేరేసరికి నా కుడి చెయ్యి బావిలో నుంచి వంద బిందెలు తోడినట్టు అయింది. తిరిగి వెళితే ఆయన నవ్వి, ఎంతోకాదు, బియ్యపు గింజంత సర్ది పంపించాడు, నొప్పి పోయింది.

ఇప్పుడు నీకు నిజంగా చెప్పవలసినది చెబుతాను. మధురవాడ అవతల ప్లాట్లు వేసి వదిలేసిన ఒక లేఅవుట్‌లో మొదటిరోజు బండి నడిపాను. మేస్త్రీ మధ్యలో నిలబడ్డాడు. ఖాళీ తొట్టిలో 40 కిలోల ఇసుక బస్తా వేశాం. 25 కిలోమీటర్ల వేగంలో ఎడమకు తిరుగుదామని, ముప్పై ఏళ్ళుగా చేస్తున్నట్టే, ఒళ్ళు ఎడమకు వంచి ఎడమ హ్యాండిల్‌ను అరచేతితో కొంచెం ముందుకు నొక్కాను. బండి కుడికి తిరిగింది. నేను కంగారుపడి మరింత నొక్కాను. అది మరింత కుడికి, హద్దురాళ్ళ మీదకు బయలుదేరింది. “వంగకండి సార్, తిప్పండి!” అని మేస్త్రీ అరిచాడు.

నువ్వూ నేనూ రెండు చక్రాల మీద ఇన్నేళ్ళు చేసినదేమిటో ఆ రోజు వరకు నాకు తెలియదు. వేగంలో ఎడమకు వెళ్ళాలంటే మనం ఎడమ హ్యాండిల్‌ను ముందుకు నెడతాం. చక్రం రెప్పపాటు కాలం కుడికి చూస్తుంది. ఆ క్షణంలో బండి ఎడమకు ఒరుగుతుంది. ఒరిగిన తరువాత దానంతట అదే ఎడమకు తిరుగుతుంది. మన చేతులు ఈ మాయను మనకు చెప్పకుండానే చేస్తూ వచ్చాయి. మూడు చక్రాల బండి ఒరగదు. చక్రం ఎటు చూస్తే అటే పోతుంది, ఎడ్లబండిలాగ. అందువల్ల బండి ఎక్కడం రానివాడు దీనిని గంటలో నేర్చుకుంటాడు గాని, మనవంటి పాతకాపుకు వారం పడుతుంది. మోకాలి నొప్పి కంటే ఈ మరచిపోవడం కష్టమైంది నాకు. ఎదురుగా ఏదైనా హఠాత్తుగా వచ్చినప్పుడు చేతులు పాత విద్యనే ప్రదర్శించబోయేవి. అందుకే మొదటి పదిహేను రోజులు తెల్లవారుజామున తప్ప రోడ్డెక్కలేదు.

రెండో వింత ఏమిటంటే దీనికి ఎడమా కుడీ ఒకటి కావు. ఎక్సలేటర్ తిప్పితే బండి ఎడమకు లాగుతుంది, ఎందుకంటే ఇంజను బండిని తోస్తుంది గాని తొట్టి వెనుకబడుతుంది. బ్రేకు వేస్తే తొట్టి తన ఊపుతో ముందుకు దూకుతుంది గనుక బండి కుడికి, అంటే ఎదురు వాహనాల వైపు, తిరుగుతుంది. ఈ రెండో సంగతిని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా ఉండాలి. ఎడమ మలుపులో వేగం ఎక్కువైతే తొట్టి చక్రం నేల విడిచి గాలిలోకి లేస్తుంది. ఇసుక బస్తా దానికోసమే. అందువల్ల ఎడమ మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, మలుపులో కొద్దిగా ఎక్సలేటర్ ఇస్తే ఆ లాగుడే మనల్ని తిప్పుతుంది. కుడి మలుపులో కొద్దిగా బ్రేకు తాకితే అదే పని జరుగుతుంది. చక్రం లేచినప్పుడు హ్యాండిల్ తిప్పుడు కాస్త తగ్గిస్తే దిగిపోతుంది. సింహాచలం ఘాట్ రోడ్డులో మొదటిసారి అది లేచినప్పుడు నేను వరాహ నరసింహస్వామిని ఎంత గట్టిగా తలచుకున్నానో, అంతకంటే గట్టిగా తొట్టిలోని మనిషి తలచుకున్నది.

ఇన్ని చెప్పి భయపెట్టాననుకోకు. బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు ఉంటుంది గనుక తొట్టిలో కూర్చున్న మీ చెల్లెలికి నా మోకాలూ, పెట్రోలు ట్యాంకూ, కొండలూ కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో సముద్రమంతా ఆమెదే. తొట్లకొండ దాటి రుషికొండ వచ్చేదాకా మాట్లాడదు. ముప్పై ఏళ్ళు నా వీపు వెనుక కూర్చుని, గాలిలో కలిసిపోయే మాటలు అరిచిన మనిషి ఇప్పుడు పక్కన కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుతుంది, నేను మామూలుగా వింటున్నాను. దీనిలో నష్టం కూడా లేకపోలేదు. వినపడలేదని తప్పించుకునే సౌకర్యం పోయింది.

పోయినవి ఇంకా ఉన్నాయి. జగదాంబ దగ్గర రెండు బస్సుల మధ్య నుంచి దూరిపోయే రోజులు పోయాయి. అందరితోపాటు వరుసలో నిలబడవలసిందే. గుంతను తప్పిస్తే తొట్టి చక్రం పోయి దానిలో పడుతుంది. గేరుపెట్టె దగ్గరి స్ప్రాకెట్‌ను, అంటే గొలుసును తిప్పే పళ్ళ చక్రాన్ని, ఒక పన్ను తక్కువ ఉన్నదానితో మార్చాం గనుక కొండలు ఎక్కుతుంది గాని, లీటరుకు 35 కిలోమీటర్లు ఇచ్చేది ఇప్పుడు 26 దాటడం లేదు. ఒరగని బండి కావడం వల్ల వెనుక టైరు నడిమధ్యలో బల్లపరుపుగా అరిగిపోతోంది. 30 కిలోమీటర్ల దగ్గర హ్యాండిల్ గడగడ వణికేది. ఆ వణుకును అణిచే స్టీరింగ్ డాంపర్ వేయించిన తరువాత తగ్గింది. ఉప్పు గాలికి ఆ నాలుగు బిగింపుల బోల్టులు తుప్పు పడతాయి, నెలకొకసారి విప్పి గ్రీజు రాయాలి. రివర్సు గేరు లేదు, చేతి బ్రేకు లేదు. వాలులో ఆపితే మొదటి గేరులో పెట్టి చక్రానికి ఇటుక అడ్డుపెట్టాలి. ముక్కు పల్లం వైపు పెట్టి ఆపావో, వెనక్కి తోయడానికి మళ్ళీ ఆ మోకాలే కావాలి. ఆ ఇటుక ఇప్పుడు తొట్టిలో శాశ్వత ప్రయాణికుడు.

మద్దిలపాలెం బస్టాపు దగ్గర ఒక పెద్దాయన “భీమిలి వెళ్తుందా?” అని అడిగిన మాట కూడా నిజమే. నీకు చెప్పకూడదనుకున్నాను. వెళుతున్నాను గనుక ఎక్కించుకున్నాను, డబ్బులు మాత్రం తీసుకోలేదు.

కాలు దించవలసిన అవసరం లేకపోవడం ఎంత త్వరగా అలవాటవుతుందో విను. పోయిన వారం పక్కింటి కుర్రవాడి స్కూటర్ తీసుకుని పాలకు వెళ్ళాను. కొట్టు ముందు ఆపి, కాళ్ళు రెండూ పైనే ఉంచి, హాయిగా జేబులో చిల్లర వెతుకుతూ, స్కూటర్‌తో సహా పక్కకు వాలిపోయాను. పాలవాడు పట్టుకున్నాడు. కాబట్టి నీకు నా సలహా ఒకటే: నీ బండిని రెండు విధాలుగానూ, ఒకసారి మూడు చక్రాలతో, ఒకసారి రెండుతో, నడుపుదామనుకుంటే మాత్రం ఈ పని పెట్టుకోకు. తొట్టి ఒకసారి తగిలిస్తే తగిలించినట్టే ఉండనివ్వు.

నిర్ణయించుకునే ముందు ఒక ఆదివారం ఇక్కడికి రా. లేఅవుట్‌లో నువ్వు నడుపుదువుగాని, హద్దురాళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. తరువాత ఇసుక బస్తా దించేసి నిన్ను తొట్టిలో కూర్చోబెట్టుకుని భీమిలి తీసుకువెళతాను. నీ హెల్మెట్ నువ్వే తెచ్చుకో, మీ చెల్లెలిది నీకు పట్టదు. ఇప్పుడు నీ బరువెంతో కూడా నిజం వ్రాయి. తొట్టి టైరులో ముందుగానే గాలి సరిచూసుకోవాలి.

ఇట్లు,
నీ బావ