ఆ గుంటడికి ఫోన్ చేశావా?

పలాస,
డిసెంబరు 7

చిరంజీవి చిన్నీకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నిన్ను ఫలక్‌నుమా ఎక్కించి పది రోజులైంది. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం గానీ ఈ విషయం ఎత్తుదామనుకునే సరికి నీకు మీటింగ్ వస్తోంది. పైగా ఇది నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. రేపు మీ పెదనాన్న గారబ్బాయి హైదరాబాద్ వస్తున్నాడు, వాడి చేతికిస్తాను.

మీ బస్సు టికెట్ల వెబ్‌సైట్ లాంచ్ అయిన రాత్రి నువ్వు ముందు గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నావు. నేను వసారాలో ఇన్వర్టర్ పక్కన కుర్చీ వేసుకున్నాను. పడుకోమని రెండుసార్లు చెప్పావు. కరెంటు ఒక్క క్షణం ఊగినా ఆ వైఫై డబ్బా ఆగిపోతుందని, మళ్ళీ లేవడానికి రెండు నిమిషాలు పడుతుందని సాయంత్రం నువ్వే అన్నావు. ఇక నాకు నిద్రెలా పడుతుంది? బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసి, టెర్మినళ్ళు బిగించి, ఆ డబ్బా వైరు నేరుగా ఇన్వర్టర్ లైనుకి మార్చి కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. మీ టీమ్ అయిదుగురి మాటలూ స్పీకర్లో వినిపిస్తూనే ఉన్నాయి.

ముందు ఒక మాట చెప్పాలి. ఆ రాత్రి నిన్ను చూస్తే నాకు ఎంత గర్వంగా అనిపించిందో! సాయంత్రం ఆరు తర్వాత ఎవరూ కొత్త కోడ్ వేయకూడదని గట్టిగా చెప్పావు. "ఈ ఒక్కటీ వేసేస్తాను, చిన్న మార్పే" అని కాకినాడ అమ్మాయి బతిమాలినా ఒప్పుకోలేదు. డేటా బ్యాకప్ తీయడంతో ఆగకుండా, దాన్ని ఇంకో సర్వర్లో తెరిపించి, పాత టికెట్లు కనిపిస్తున్నాయో లేదో లెక్క చూశావు. వెబ్‌సైట్ అడ్రసు కొత్త సర్వర్ వైపు తిప్పితే ఆ కబురు లోకమంతా చేరడానికి గంటలు పడుతుందని, అందుకే ఆ గడువుని రెండు రోజుల ముందే 5 నిమిషాలకు తగ్గించి పెట్టామని నాకు విడమరిచి చెప్పావు. అన్ని బస్సులూ ఒకేసారి ఎక్కించకుండా ముందు ఒక్క ట్రావెల్స్ వాళ్ళ బస్సులే పెడతామన్నావు. కరెంటు లైన్ల మీద మేమూ అంతే తల్లీ. గాలివాన తర్వాత పదకొండు కేవీ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి వెళ్ళే లైను, మొత్తం ఒక్క దెబ్బకి చార్జ్ చేయం, కరెంటు ఇవ్వం. లైనుని ముక్కలుగా విడదీసే ఏబీ స్విచ్‌లన్నీ తెరిచి పెట్టి, మొదటి ముక్క చార్జ్ చేసి, అది నిలబడ్డాక రెండోది కలుపుతాం. నువ్వు ఇదంతా చెబుతుంటే, ఈ పిల్లకి నా పని నేను నేర్పకుండానే వచ్చేసిందనుకున్నాను.

తర్వాత ఒంటి గంట నలభైకి ఆ రాజాం కుర్రాడి గొంతు వినిపించింది. "అక్కా... పేమెంట్ కీ టెస్ట్‌దే ఉండిపోయింది. మార్చేశానని లిస్టులో టిక్ పెట్టాను. మార్చలేదక్కా."

ఆ టెస్ట్ కీ ఉత్తుత్తి చెల్లింపులకేనట. అలాగే లాంచ్ అయి ఉంటే జనానికి టికెట్ బుక్ అయినట్టే కనిపించేదని, బస్సు యజమానికి మాత్రం పైసా వచ్చేది కాదని తర్వాత నువ్వే అన్నావు. అంత పెద్ద విషయం. ఆ క్షణం నీకు కోపం రావడం సహజం. కానీ నువ్వు అరిచిన అరుపుకి వంటింట్లో ఉన్న అమ్మ బయటికి వచ్చింది. "ఇప్పుడా చెప్పేది? బుర్ర ఉందా నీకు? టిక్ పెట్టడం ఒక్కటే తెలుసా?" అన్నావు. వాడు సారీ అన్నాడు. పావుగంటలో సరిచేశాడు. ఒక్క రూపాయి కట్టి చూశారు, అది వచ్చింది కూడా.

నన్ను ఆపేసింది ఆ తర్వాత జరిగినది. అప్పటిదాకా మీ అయిదుగురూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకుంటున్నారు. ఓటీపీ ఆలస్యమవుతోందని ఒకరు, ఫోన్లో సీట్ల బొమ్మ పక్కకి జరిగిందని ఒకరు. నువ్వు అరిచాక దాదాపు గంటసేపు ఆ స్పీకర్లోంచి ఎవరూ నోరెత్తలేదు. "అంతా ఓకేనా?" అని నువ్వు అడగడం, "ఓకే", "ఓకే" అని వాళ్ళు అనడం, అంతే. నువ్వు పని నడుస్తోందనుకున్నావు. నాకు మాత్రం చేతులు చల్లబడ్డాయి. ఆ నిశ్శబ్దం నేనెరుగుదును.

ఇది మీ అమ్మకి కూడా నేను పూర్తిగా చెప్పలేదు. లైన్‌మన్‌గా వేసిన మూడో ఏడు, వానాకాలంలో ఒక రాత్రి స్తంభం మీద లైన్లని కలిపే జంపర్ వైరు తెగింది. నాతో ఒక హెల్పర్ ఉండేవాడు, పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ గుంటడు. సాయంత్రం పానా జారవిడిచాడని వాణ్ణి పదిమందిలో నానా మాటలూ అన్నాను. రాత్రి పని అయ్యాక "అంతా క్లియరేనా?" అని అడిగాను. తలూపాడు. నేను సబ్‌స్టేషన్‌కి వెళ్ళి ఎల్‌సీ, అంటే లైను ఆపి పనిచేయడానికి తీసుకున్న అనుమతి కాగితం, రిటర్న్ చేశాను. ఆపరేటర్ రిజిస్టర్‌లో టైం రాసి ఫీడర్ చార్జ్ చేశాడు.

చెరువు గట్టు అవతల నీలంగా వెలుగు లేచింది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోయి లైను ఆగిపోయింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే, అవతలి స్తంభం దగ్గర లైనుని భూమికి కలపడానికి తగిలించిన ఎర్త్ రాడ్ తీయకుండా అలాగే ఉంది. మనిషి ఎక్కి పనిచేసేటప్పుడు ప్రాణం కాపాడేది ఆ రాడ్డే, తీయకుండా చార్జ్ చేస్తే ప్రాణం తీసేదీ అదే. వైరు తెగి వరిమడిలో పడింది. ఆ గుంటడు గట్టు మీద నిలబడి వణుకుతున్నాడు, వైరుకీ వాడికీ మధ్య పది అడుగులుంటాయేమో. ఎందుకు చెప్పలేదురా అంటే, "సెప్దామనే అనుకున్నాను బాబూ. మల్లీ తిడతావని బయమేసింది" అన్నాడు.

రాడ్లు నేనే లెక్కపెట్టుకోవాల్సింది. ఆ తప్పు నాదే. కానీ ఇన్నేళ్ళుగా నన్ను పట్టుకుని ఉన్నది మాత్రం వాడి మాట. వాడికి తెలుసు. తెలిసి, నాకు భయపడి మింగేశాడు. నేను సాయంత్రం తిట్టిన తిట్టు రాత్రి దాకా వాడి గొంతులో అడ్డం పడి ఉంది.

ఆ తర్వాత నేను "అంతా క్లియరేనా?" అని అడగడం మానేశాను. ఆ మాటకి ఎవరైనా తలూపుతారు. "ఇంకా ఏం మిగిలింది? ఎవరెవరు ఎక్కడున్నారు? రాడ్లు ఎన్ని ఇచ్చాను, ఎన్ని వచ్చాయి?" అని అడిగేవాణ్ణి. అందరికంటే చిన్నవాణ్ణి ముందు అడిగేవాణ్ణి. పెద్దవాడు ముందు "అంతా బాగుంది" అనేశాక చిన్నవాడికి నోరు రాదు.

తిత్లీ తుపాను నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు అప్పుడు కాలేజీలో ఉన్నావు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. స్తంభాలు పుల్లల్లా పడున్నాయి. బయటి జిల్లాల నుంచి వచ్చిన గ్యాంగులతో కలిసి పనిచేశాం. వాళ్ళకి మన దారులు తెలియవు, మనకి వాళ్ళ ముఖాలు తెలియవు. ఒక ఫీడర్ మీద నాలుగు గ్యాంగులుంటే నాలుగు ఎల్‌సీలు, తీసుకున్న మనిషే వచ్చి తిరిగి ఇవ్వాలి, నాలుగూ చేరేదాకా చార్జ్ చేయడానికి లేదు. ఒక సాయంత్రం మూడు వచ్చేశాయి. బయట ఊళ్ళోవాళ్ళు గుమిగూడారు. ఇన్నాళ్ళుగా చీకట్లో, నీళ్ళ మోటారు లేక అల్లాడుతున్నారు, వాళ్ళ బాధ న్యాయమైనదే. నాలుగో గ్యాంగు కుర్రాడు ఎల్‌సీ కాగితం పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "అయ్యా, చివరి ఆరు స్తంభాలూ నేను నడిచి చూడలేదు. చెట్లు అడ్డం పడి దారి లేక రోడ్డు మీంచి తిరిగి వచ్చేశాను. చూసినట్టు రాసేశాను" అన్నాడు.

నేనేమీ అనలేదు. నా గ్లాసులో టీ వాడి చేతికిచ్చి, ఇద్దర్ని తోడిచ్చి పంపాను. బయట జనం నన్ను తిడుతూనే ఉన్నారు. ముప్పావు గంటకి వాళ్ళు తిరిగొచ్చి చెప్పారు: ఆఖరి స్తంభం దగ్గర వైరు కిందకి జారి, పడిపోయిన జీడిచెట్టు మీద ఆని ఉంది. ఆ చెట్టు కొమ్మలు ఇద్దరు ఆడవాళ్ళు పొయ్యిలోకి నరుక్కుంటున్నారు.

వాడి పేరు కూడా నేను అడగలేదు. ఇప్పటికీ వాడికి దణ్ణం పెట్టుకుంటాను.

లాంచ్ అయిన పొద్దున్న టీ తాగుతూ నువ్వు ఆ అమెరికా షేర్ల వ్యాపారం కంపెనీ కథ చెప్పావు చూడు, నైట్ కేపిటల్. 2012 ఆగస్టు 1. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ వేసి ఒకదానికి మరిచిపోతే, అందులో ఎప్పుడో మూలపడ్డ పాత కోడ్ లేచి 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా ముంచేసిందని. కంగారులో సరిగ్గా ఉన్న ఏడింటిలోంచి కొత్త కోడ్ తీసేసి ఇంకా పెంచుకున్నారని. వేసిన పనిని రెండో మనిషి చూడలేదని. మార్కెట్ తెరవక ముందే సిస్టమ్ నుంచి 97 ఈమెయిళ్ళు వెళ్ళినా ఎవరూ పట్టించుకోలేదని. ఈ పది రోజులూ నా మనసులో ఆ 97 తిరుగుతూనే ఉంది. వాళ్ళకి చెప్పింది మిషను, వినలేదు. నీకు చెప్పింది మనిషి. అర్ధరాత్రి దాటాక, టిక్ పెట్టేసిన పని మీద, ఇంకెవరికీ తెలియని తప్పు మీద, తనంతట తను నోరు తెరిచి చెప్పాడు. వాడు చెప్పకపోతే నీకు తెల్లారి బస్సు యజమాని చెప్పేవాడు. ఆ రాత్రి మీ లాంచ్‌ని నిలబెట్టినది వాడే అని నేనంటాను.

నీ మీద కోపంతో రాయడం లేదమ్మా. ఆ రోజు నువ్వు మధ్యాహ్నం తిన్న అన్నం తప్ప మళ్ళీ ఏమీ తినలేదు. అమ్మ పెట్టిన ఉప్మా ప్లేటులోనే ఎండిపోయింది. ముందు రాత్రి పెళ్ళింట్లో నిద్ర లేదు. అలా ఉంటే ఎవరికైనా నోరు జారుతుంది. నేను సూపర్‌వైజర్‌నై ఉంటే ఆ తెల్లవారి బటన్ నొక్కే పని నీకు ఇచ్చేవాణ్ణి కాదు. రెండు గంటలైనా పడుకుని లేచిన మనిషికే ఇచ్చేవాణ్ణి. మీ అయిదుగురిలో ఎవరో ఒకరు వంతులేసుకుని పడుకోవచ్చు కదా. వచ్చేసారి ఇది మాత్రం తప్పకుండా చెయ్యి.

సంక్రాంతి బుకింగులు ఊపందుకునే లోపు మిగతా ట్రావెల్స్ వాళ్ళని కూడా ఎక్కిస్తామన్నావు. అంటే ఇంకో రాత్రి ఉంది. ఆ రాత్రికి ముందే వాడితో మాట్లాడు. పదిమందిలో తిట్టావు గనక పదిమందిలోనే చెప్పు, నువ్వు చెప్పబట్టే గట్టెక్కామని. పక్కకి పిలిచి సారీ చెబితే వాడి మనసు కుదుటపడుతుంది గానీ మిగతా ముగ్గురికీ ఆ సంగతి తెలియదు. వాళ్ళూ ఆ అరుపు విన్నారు. వాళ్ళ దగ్గర కూడా ఏవో టిక్కులు ఉండే ఉంటాయి.

నేను ఆ హెల్పర్‌కి ఎప్పుడూ చెప్పలేదు. మరుసటి ఏడాది వాడు పని మానేసి సూరత్ పోయాడు. తర్వాత కలవలేదు.

అమ్మ తేగలు కాల్చి రెండు కట్టలు కట్టింది. జీడిపప్పు కూడా రెండు పొట్లాలు వేరువేరుగా పెట్టించాను. ఒకటి నీకు. రెండోది ఆ రాజాం గుంటడికి ఇవ్వు, ఇన్వర్టర్ దగ్గర కూర్చున్న మా నాన్న పంపాడని చెప్పు. సంక్రాంతికి వాడు ఊరు వస్తే ఒక పూట ఇటు కూడా రమ్మను.

ఆ రెండో రాత్రి ఎప్పుడో ముందే చెప్పు. నువ్వు అక్కడున్నా నేను ఇక్కడ మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
నాన్న