ఖాళీలు నింపితే ఇంగ్లిష్ వస్తుందా?

సంపాదకులకు,

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా బడుల్లో ఇంగ్లిష్ వర్క్‌షీట్ అంటే ఖాళీలు పూరించడమే. పక్కవాడి కాగితంలోంచి ‘ఈజ్’, ‘ఆర్’ దింపేస్తే మార్కులు పడిపోతాయి, నోట మాత్రం ఒక్క వాక్యం రాదు. తెలుగులో ‘ఆయన టీచర్’ అంటే వాక్యం పూర్తయినట్టే. అందుకే పిల్లలు ‘ఈజ్’ వదిలేసి ‘హీ టీచర్’ అని ఆగిపోతారు. వాక్యం మొత్తం వాళ్లే అడిగి, చెప్పి, రాస్తేనే ఇది సర్దుకుంటుంది.

దీనికి జంట షీట్లు, అంటే ఇద్దరు పిల్లలు తమ దగ్గర లేని వివరాలు ఒకరినొకరు అడిగి నింపుకునే కాగితాలు, ఎంతో మేలు. కావలి బస్టాండు నుంచి ఒంగోలు, నెల్లూరు, కందుకూరు, ఉదయగిరి, ఆత్మకూరు, సింగరాయకొండ బస్సుల పట్టిక గీయండి. ఒకరి షీటులో మూడు ఊళ్ల వేళలు, రెండోవారి షీటులో మిగతా మూడు ఉండాలి. ‘వెన్ డజ్ ది ఒంగోలు బస్ లీవ్?’, ‘ఇట్ లీవ్స్ ఎట్ సిక్స్’ అనే నమూనా పైనే అచ్చు వేయాలి. లేకుంటే పిల్లలు ‘ఒంగోలు బస్ టైమ్?’ అని తేల్చేస్తారు. కాగితాలు చూసేసుకోకుండా మధ్యలో పాఠ్యపుస్తకం నిలబెట్టించాలి. చివర పట్టిక చూడకుండా మూడు పూర్తి వాక్యాలు రాయించాలి; అసలు అభ్యాసం అక్కడే.

అక్షరాలు 16 పాయింట్లకు తగ్గకూడదు. జిరాక్సుకు జిరాక్సు తీస్తే ఇంగ్లిష్ ‘e’, ‘o’ అక్షరాల కడుపులు నల్లగా పూడిపోతాయి, కాబట్టి అసలు ప్రతి నుంచే తీయాలి.

స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల బృందం) సమావేశాల్లో టీచర్లంతా కలిసి ఇలాంటి షీట్లు తయారుచేసుకునేందుకు విద్యాశాఖ సమయం, కాగితం ఖర్చు ఇవ్వాలని కోరుతున్నాం.

– ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, కావలి